ఒడ్డు గాలి వీచిన రోజు: ఒక ఫైబర్ తెప్ప కేసు

నేను ఔట్‌బోర్డ్ ఇంజన్ల (తెప్ప వెనక తగిలించేవి) మెకానిక్‌ని. శ్రీకాకుళం, విజయనగరం తీరపు పల్లెల్లో ఇరవై రెండేళ్ళుగా ఇంజన్లు బాగుచేస్తున్నాను. కొన్నేళ్ళ నుంచి వేటకెళ్ళే కుర్రాళ్ళకు సముద్రం మీద భద్రత గురించి శిక్షణ కూడా ఇస్తున్నాను. ఈ కేసు నోటితో ఎన్నోసార్లు చెప్పాను కానీ కాగితం మీద పెట్టడం ఇదే మొదలు. తెప్పలో వెళ్ళిన ఐదుగురూ బతికి వచ్చారు. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. ఆ రోజు జరిగిన తప్పుల్లో ఒక పెద్ద తప్పు నాది. అదెక్కడ జరిగిందో వరస తప్పకుండా చెబుతాను.

జూన్ ఆఖరు వారం. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. అది ఎత్తేసిన తొలి రెండు వారాల్లో ఒడ్డున ఎవరి కాలూ నిలవదు. రెండు నెలలు చేతిలో డబ్బాడక, అప్పు మీద బియ్యం తెచ్చుకున్న ఇళ్ళు అవి. అందుకే ఆ రోజుల్లో "ఈ పూటకి మానేద్దాం" అన్న మాట ఎవరి నోటా రాదు. ఇది చెప్పకుండా మిగతాది చెబితే తండేలుకు, అంటే తెప్ప నడిపే పెద్దకు, అన్యాయం చేసినట్టవుతుంది.

తెప్ప 28 అడుగుల ఫైబర్‌ది, ఇంజను 9.9 హార్స్‌పవర్. మనుషులు ఐదుగురు. తండేలుకు యాభై దాటాయి. ఆయన మేనమామ అరవై పైబడినవాడు, అందరూ ముసలి మావ అంటారు. మరో ఇద్దరు నడివయసు వాళ్ళు. ఐదోవాడు పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, తండేలు తమ్ముడి కొడుకు.

తెల్లవారుజామున 3:30కి తెప్ప నీళ్ళలోకి తోశారు. సన్నగా పడమటి గాలి. ఒడ్డు దగ్గర విరిగే కెరటం దాటాక సముద్రం బల్లపరుపుగా ఉంది. ఇక్కడే మొదటి మోసం. మన ఉత్తరాంధ్ర తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంటుంది. పడమటి గాలి నేల మీదుగా వచ్చి సముద్రంలోకి వెళుతుంది. దీన్నే ఒడ్డు గాలి అంటాం. ఒడ్డున సరుగుడు తోటలు, ఇసుక దిబ్బలు ఆ గాలిని ఆపుతాయి. పైగా కెరటం పెరగాలంటే గాలికి నీటి మీద కొంత దూరం పరుగు కావాలి. ఒడ్డు పక్కన ఆ పరుగు ఉండదు. కాబట్టి ఒడ్డున నిలబడి చూసేవాడికి ఒడ్డు గాలి రోజున సముద్రం ఎప్పుడూ మంచిగానే కనిపిస్తుంది. అదే గాలి పది, పదిహేను కిలోమీటర్లు లోపలికి పోయేసరికి వేరే రూపంలో ఉంటుంది. సముద్రం మీది నుంచి ఒడ్డుకు కొట్టే గాలి అయితే బయల్దేరేటప్పుడే కెరటం ముఖాన కొట్టి భయపెడుతుంది, ఇంజను ఆగినా తెప్పను ఒడ్డు వైపే తోస్తుంది. ఒడ్డు గాలి పోయేటప్పుడు సాయం చేస్తుంది. అడ్డం పడేది తిరిగొచ్చేటప్పుడే.

ముందు రోజు సాయంత్రం తండేలు ఫోనులో వాతావరణం చూశాడు. హెచ్చరిక ఏదీ లేదు. అది నిజమే. వాతావరణ శాఖ మత్స్యకారులకు ఇచ్చే హెచ్చరికల్లో మనం తరచుగా చదివేది "గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంతో గాలులు" అని. ఆ రోజు లోపలి గాలి, తర్వాత లెక్క కడితే, 35 దగ్గర ఉండి ఉంటుంది. పెద్ద మరపడవకు 35 గాలి చికాకు పెడుతుంది, అంతే. ఐదుగురు మనుషులు, తడిసిన వల, ఐసు, చేప ఎక్కిన 9.9 తెప్పకు మాత్రం అది ప్రాణం మీది మాట. గాలి తోపు వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. 17 గాలిలో సుఖంగా తిరిగిన తెప్ప మీద 35 గాలి నాలుగింతల బలంతో పడుతుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్ళు చిన్న పడవల కోసమే విడిగా ఒక సూచన ఇస్తారు. అది గాలి ఎంత తొందరగా పుంజుకుంటుందో, కెరటం ఎంత నిటారుగా లేస్తుందో కూడా చూసి చెప్పేది. ఆ రోజు వరకు ఆ పల్లెలో దాన్ని ఎవరూ తెరిచి చూడలేదు. నేను కూడా ఎవరికీ చూపించలేదు.

ఐదింటికి, ఒడ్డుకు సుమారు 14 కిలోమీటర్ల దూరంలో వల దింపారు. 6:45కి గాలి మొదటి దెబ్బ తగిలింది. కెరటాల నెత్తిన అక్కడక్కడా తెల్లని నురగ. ఇది 12 నుంచి 19 కిలోమీటర్ల గాలి గుర్తు. నురగ తరచుగా కనిపిస్తుంటే 20 నుంచి 28. ఎటు చూసినా తెల్లగా ఉండి తుంపర లేస్తుంటే 29 నుంచి 38. ఈ లెక్కకు పరికరం అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. అదే పల్లె నుంచి వెళ్ళిన ఇంకో తెప్ప, కాస్త దగ్గరలో వేటాడుతున్నది, 7:15కే వల ఎత్తుకుని తిరిగింది. మన తండేలు కూడా ఏడింటికే ఎత్తడం మొదలుపెట్టాడు. కానీ గాలి తెప్పను వల మీదికే నెడుతుంటే ఎత్తడానికి రెండు గంటలు పట్టింది. మామూలు రోజున గంట పని. ఎనిమిదిన్నరకే చుట్టూ తెల్లగా అయిపోయింది. వల సగం పైన, సగం నీళ్ళలో. "మిగతాది కోసేద్దామా" అని ఒకడు అన్నాడట. జవాబు రాలేదట. ఆ వల ఇంకా అప్పులో ఉంది.

తొమ్మిదింటికి మొహం ఇంటి వైపు తిప్పారు. గాలి ఎదురు, కెరటం ఎదురు. పొద్దున గంటకు 12 కిలోమీటర్లు నడిచిన తెప్ప ఇప్పుడు 5 నడవడం గగనమైంది. అంటే గంట చిల్లర ప్రయాణం మూడు గంటలకు దగ్గరవుతుంది. ఖర్చయ్యే ఇంధనమూ అలాగే. 9:50కి ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఒడ్డు అప్పటికి 10 కిలోమీటర్లు.

ఫోను

ఆ తర్వాత 35 నిమిషాలు వాళ్ళు స్టార్టర్ తాడు లాగుతూనే ఉన్నారు. తెప్ప గాలికి అడ్డం తిరిగిపోయింది. ఇంజను వెనక బరువు, దాని చుట్టూ ముగ్గురు మనుషులు. వెనక భాగం కిందికి దిగి, ప్రతి నాలుగో ఐదో కెరటం లోపలికి వస్తోంది. మిగతా ఇద్దరూ డబ్బాలతో నీళ్ళు తోడుతున్నారు. లంగరు వేశారు, పట్టలేదు. తాడు నేలను అందితే లంగరు పట్టేస్తుందని చాలామంది అనుకుంటారు. లోతుకు కనీసం మూడింతలు, గాలి రోజున ఐదు నుంచి ఏడింతలు తాడు వదిలితేనే లంగరు నేల మీద పడుకుని పట్టు దొరకబుచ్చుకుంటుంది. వాళ్ళ తాడు లోతుకు కాస్త ఎక్కువ, అంతే.

10:25కి నా ఫోను మోగింది. నేను అప్పుడు అదే పల్లెలో, ఇసుకలో కూర్చుని వేరే ఇంజను విప్పుతున్నాను.

"మేస్త్రీ, ఇంజనాగిపోనాది. లాగీ లాగీ సేతులు పోనాయి. ఏటి సెయ్యమంతావు?"

నేను మెకానిక్‌ని. ఇంజను ఆగిందని వినగానే నా బుర్ర ఇంజనులోకి దూరింది. "ఆగేముందు దగ్గిందా?" అని అడిగాను. దగ్గిందన్నాడు. "అయితే ఫిల్టర్. పైమూత తియ్యండి" అన్నాను. పన్నెండు నిమిషాలు ఫోనులోనే దారి చెప్పాను. ఏ క్లిప్పు నొక్కాలి, ఏ గొట్టం పీకాలి, ఎంతసేపు ఊదాలి. ఎక్కడున్నారని అడగలేదు. లైఫ్ జాకెట్లు తొడిగారా అని అడగలేదు. తెప్ప గాలికి అడ్డంగా ఉందా అని కూడా అడగలేదు. సన్నటి చేతులని కుర్రాణ్ణి పనికి పెట్టారు. వాడు వెనక అంచు మీదికి వంగి గొట్టం పీకుతుండగా కెరటం పక్క నుంచి ఎత్తి కొట్టింది. నాకు వినిపించింది ఒక కేక, ఆ పైన గాలి హోరు. ఫోను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు.

కుర్రాడి ఒంటి మీద జాకెట్ లేదు. ఐదు జాకెట్లూ తెప్ప ముందు అరలో ప్లాస్టిక్ సంచిలో, తాడుతో కట్టి, వాటి మీద ఐసు పెట్టె పెట్టి ఉన్నాయి. వాడు ఈతగాడు. అయినా గాలికి తెప్ప వాడి కంటే తొందరగా జారిపోతుంది. మనిషి ఎంత బాగా ఈదినా గాలి పట్టిన తెప్పను అందుకోవడం కష్టమని ఒడ్డున ఉన్నవాళ్ళకు చెబితే నమ్మరు. ముసలి మావ వల తాడు చుట్ట విసిరాడు, రెండోసారికి అందింది. పైకి ఎక్కించడం ఇంకో యుద్ధం. తడిసిన మనిషిని చేతులు పట్టి లాగితే రాడు. తాడును ఉచ్చు వేసి నీళ్ళలోకి దింపి, వాణ్ణి అందులో కాలు పెట్టమని, మెట్టు ఎక్కినట్టు ఎక్కించారు. మోచెయ్యి చీరుకుపోయింది. ఫోను నీళ్ళలో పడింది. మిగతా రెండు ఫోన్లలో ఒకటి తడిసి చచ్చింది, రెండోదానికి అప్పటికే సిగ్నల్ లేదు. గాలికి జారుతూ సిగ్నల్ హద్దు దాటిపోయారు.

తాడు లాగిన 35 నిమిషాలు, నాతో మాట్లాడిన 12 నిమిషాలు. వాళ్ళకు ప్రపంచంతో మాట్లాడే వీలున్న సమయం మొత్తం అదే. మొదటి నిమిషంలో నేను అడిగి ఉంటే ఫోను తమ చోటును చూపించేది. ఫోనులో జీపీఎస్ ఉపగ్రహాల నుంచి పనిచేస్తుంది, దానికి టవర్‌తో పనిలేదు. ఆ అంకెల్ని మెసేజ్‌గా పంపమంటే సరిపోయేది. మాట తెగిపోయేంత బలహీనమైన సిగ్నల్‌లో కూడా మెసేజ్ చాలాసార్లు దూరిపోతుంది. ఇది నాకు తెలుసు. తెలిసీ ఫిల్టర్ గురించి మాట్లాడాను.

వెతుకులాట

10:45కి కోస్ట్ గార్డ్ 1554కి ఫోను చేశాను. వాళ్ళు అడిగినవి నాలుగే: ఎక్కడ, ఎందరు, తెప్ప రంగేమిటి, ఇంజను ఎన్నింటికి ఆగింది. మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు. 7:15కి తిరిగొచ్చిన తెప్ప తండేలును కూర్చోబెట్టి, వల ఎక్కడ వేశారో కొండ గుర్తుల్ని బట్టి చెప్పించాను. ఒడ్డు వైపు యాభై నిమిషాలు నడిచారు, ఆ తర్వాత జారారు. ఇంజను ఆగి గాలి పట్టిన తెప్ప జారే వేగం గాలి వేగంలో నూటికి మూడు నుంచి ఐదు వంతులని మేం లెక్క వేసుకుంటాం. 35 గాలికి అది గంటకు ఒకటి నుంచి ఒకటిముప్పావు కిలోమీటర్లు. దానికి నీటి లాగుడు కలపాలి. గాలి పడమర నుంచి కదా, జారుడు తూర్పుకు. తీరం వాలుగా ఉంది కాబట్టి ఒడ్డు నుంచి చూస్తే అది లోపలికీ, ఉత్తరానికీ కూడా. పల్లెకు సరిగ్గా ఎదురుగా వెతికితే దొరకరని ఇసుక మీద గీత గీసి చూపించి, అదే ఫోనులో చెప్పాను.

ఒడ్డున పది తెప్పలు బయల్దేరతామన్నాయి. ఆపడానికి గొంతు పోయింది. తండేలు భార్య నా ముందు నిలబడి, "మేస్త్రీ, మావోల్లు ఆడ ఉంటే మీరీడ గీతలు గీత్తారా" అంది. ఆ మాట ఇప్పటికీ వినిపిస్తుంది. అదే గాలిలో అవే 9.9 ఇంజన్లతో పది తెప్పలు పోతే, రాత్రికి వెతకాల్సినవి పదకొండు కావచ్చు. రెండు తెప్పలే, ఒకదానికొకటి కనుచూపు దూరంలో, ఫుల్ ట్యాంకులతో, జాకెట్లు తొడిగి, 12 కిలోమీటర్లు దాటకుండా వెళ్ళాలని ఊరి పెద్దలు ఒప్పించారు. ఆ ఉత్తరం దిక్కున వేటలో ఉన్న మరపడవలకు రేడియోలో కబురు వెళ్ళింది.

తెప్పలో అప్పటికి పదకొండైంది. ఐదుగురి ప్రాణం కాపాడిన పని అప్పుడు జరిగింది. చేసింది ముసలి మావ. చిన్నప్పుడు తెరచాప తెప్పల మీద తిరిగినవాడు. ఇంజనును వదిలేయమన్నాడు. ఎత్తిన వలలో ఒక కట్టను మూటగా బిగించి, లంగరు తాడు కొసకు కట్టి, తెప్ప ముక్కు నుంచి నీళ్ళలోకి దింపించాడు. నీళ్ళలో మునిగిన ఆ మూట బ్రేకులా పట్టుకుంటుంది. తెప్ప గాలికి జారబోతుంటే మూట ముక్కును వెనక్కి లాగుతుంది, తెప్ప కెరటానికి ఎదురు తిరుగుతుంది. అడ్డంగా ఉన్నప్పుడు లోపలికి వచ్చిన నీళ్ళు, ముక్కు తిరిగాక దాదాపు ఆగిపోయాయి. జారుడు కూడా సగానికి పైగా తగ్గింది. ఆ తర్వాత జాకెట్లు తీసి తొడిగించాడు. అందరినీ మధ్యలో, అడుగున కూర్చోబెట్టాడు. నిలబడిన మనిషి బరువు పైకి పోయి తెప్ప ఒరుగుతుంది. తాగే నీళ్ళు ఒకే డబ్బా, గంటకు రెండేసి గుక్కలని పంచాడు.

మధ్యాహ్నం 3:20కి ఒక మరపడవకు కనిపించారు. ఒడ్డుకు 16, 17 కిలోమీటర్ల లోపల, పల్లెకు బాగా ఉత్తరంగా. చీకటి పడేవేళకు లాక్కొచ్చారు. ఒడ్డున విరిగే కెరటం దగ్గర ఇంకో అరగంట బయటే ఆపారు. పెద్ద కెరటాలు మూడు నాలుగు వరసగా వచ్చి, వెనక కాస్త విరామం వస్తుంది. ఆ విరామంలో తాడు ఒడ్డుకు అందించి లాగారు.

ఇంజను విప్పాక

మర్నాడు పొద్దున ఇంజను విప్పాను. ఇంజనులో లోపం ఏమీ లేదు. ఫిల్టర్ నిండా నీళ్ళు, తుప్పులాంటి ఎర్ర మడ్డి. ట్యాంకు బోర్లిస్తే అడుగున అదే మడ్డి. నిషేధం రోజుల్లో 61 రోజులూ సగం ఇంధనంతో ఆ ట్యాంకు పాకలో పడి ఉంది. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చల్లదనానికి ఉప్పుగాలి తేమ నీరై అడుగున చేరుతుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. అది తేమను పీల్చుకుంటుంది, ఒక హద్దు దాటాక నీళ్ళతో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి కిందికి దిగిపోతుంది.

వేట మొదలుపెట్టిన పది రోజులూ ఇంజను బాగానే నడిచింది కదా అని తండేలు అడిగాడు. ఈ కేసులో నేను నేర్చుకున్నది మొత్తం ఆ ప్రశ్నకు జవాబులో ఉంది. నిలకడ సముద్రంలో మడ్డి, నీళ్ళు ట్యాంకు అడుగున కదలకుండా పడుకుంటాయి. గొట్టం కాస్త పై నుంచి తాగుతుంది. గాలి లేచి తెప్ప గంటసేపు ఎగిరెగిరి పడితే ట్యాంకు మజ్జిగ కుండలా చిలుకుడు పడుతుంది. అడుగుదంతా లేచి గొట్టంలోకి పోతుంది. అదీ సరిగ్గా ఇంజను ఫుల్లుగా తాగుతున్నప్పుడు, ఎదురుగాలిలో. ఇరవై రెండేళ్ళుగా నా దగ్గరికి వచ్చిన కేసుల్ని వెనక్కి తలచుకుంటే, గాలి రోజున ఆగిన ఇంజన్లు ఎన్నో. "గాలికి తోడు ఖర్మకొద్దీ ఇంజను కూడా ఆగింది" అంటారు అందరూ. నేనూ అనేవాణ్ణి. ఇప్పుడు అనను. ఆ ఇంజనును ఆపింది ఆ గాలే.

అందుకే ఇప్పుడు నా శిక్షణ ఇసుక మీద ట్యాంకు బోర్లించడంతో మొదలవుతుంది. నిషేధం ముగిసే ముందు వారం పాత ఇంధనం మొత్తం తీసేసి, ట్యాంకు కడిగి ఎండబెట్టి, కొత్తది పోయాలి. తెప్పకు ఒక పెద్ద ట్యాంకు బదులు రెండు చిన్నవి పెట్టాలి, ఒకదాన్లో మడ్డి లేస్తే గొట్టం రెండోదానికి మార్చుకోవచ్చు. అది వెనక అంచు మీదికి వంగకుండా, కూర్చున్న చోటి నుంచి చేసే పని. గొట్టం మధ్యలో నీళ్ళను వేరుచేసే ఫిల్టర్ గిన్నె ఒకటి, లోపల నీళ్ళు కంటికి కనబడేది.

రెండోది వరస. ఇంజను ఆగితే ముందు చోటు పంపాలి, తర్వాత మూట దింపి ముక్కు గాలికి తిప్పాలి, తర్వాత జాకెట్. ఈ మూడూ అయ్యాకే ఇంజను మీద చెయ్యి వెయ్యాలి. అసలు జాకెట్ ఒడ్డునే తొడుక్కుని వెళ్ళాలి, కానీ వల లాగేటప్పుడు ఉక్కగా ఉందని విప్పేస్తారు. కాబట్టి కనీసం చెయ్యి చాస్తే అందే చోట ఉంచమంటున్నాను. నా వరకు నేను ఒక కార్డు రాసి పర్సులో పెట్టుకున్నాను. సముద్రం నుంచి ఫోను వస్తే నేను అడగాల్సిన ప్రశ్నలు దాని మీద ఉన్నాయి. ఇంజను ప్రశ్న ఆఖరున ఉంది.

మూడోది తిరిగే గుర్తు. బయల్దేరే ముందే ఒడ్డున, అందరూ వింటుండగా తండేలు చెప్పాలి: ఈ రోజు ఇంటికి ఎదురుగాలా, కాదా. ఎదురుగాలైతే ఎంత దూరం దాటం, నురగ తరచుగా కనబడితే వల ఏ స్థితిలో ఉన్నా ఏం చేస్తాం. లోపలికి పోయాక చేప పడుతుండగా తీసుకునే నిర్ణయం కంటే, చీకట్లో చేతులు ఖాళీగా ఉన్నప్పుడు తీసుకున్నది నిలబడుతుంది. ఇంధనంలో మూడో వంతే పోవడానికి వాడాలన్న పాత లెక్క ఒడ్డు గాలి రోజున చాలదు, నాలుగో వంతు అని మార్చాం.

ఇవన్నీ చెప్పినా వల సంగతి తేలలేదు. ఐదుగురి అప్పు ఆ వలలో ఉంటుంది. "కోసేసి రండి" అని ఒడ్డున నిలబడి చెప్పే హక్కు నాకు లేదు. చాలా చర్చ జరిగాక ముసలి మావే ఒక దారి చెప్పాడు. వల కొసకు నీళ్ళ మీద తేలే పెద్ద బుడ్డి, దాని మీద వెదురు కర్ర, నల్ల జెండా, చిన్న బ్యాటరీ దీపం. గాలి లేస్తే కొసను విప్పి వలను అక్కడే వదిలేసి, చోటు అంకెలు రాసుకుని రావడం, గాలి తగ్గాక రెండు తెప్పలు కలిసి వెళ్ళి తెచ్చుకోవడం. ఆ ఏడాది అదే తండేలు రెండుసార్లు అలా వదిలేసి వచ్చాడు. ఒక వల మర్నాడు దొరికింది. రెండోది దొరకలేదు. దాని ఖర్చు ఊరి తెప్పలన్నీ వంతులేసుకుని సగం ఇచ్చాయి, మిగతా సగం ఆయన ఇంకా కడుతున్నాడు.